కటువాక్కు: ఆలివ్ కిటరిడ్జి కథలపై విమర్శనము

బడిపంతులమ్మ కథానాయికగా నున్న గ్రంథమును బడిపంతులే విమర్శింపబూనుట అంత న్యాయము కాకపోవచ్చును. సాక్షియే తీర్పు చెప్పినట్లుండును. అయినను, ఎలిజబెత్ స్ట్రౌట్ అను అమెరికా రచయిత్రి 2008 లో ప్రకటించిన 'ఆలివ్ కిటరిడ్జి' యను కథాసంపుటమును గూర్చి మా పాఠకులతో ముచ్చటింపవలెనని కొంతకాలముగా మాకు కోరిక గలదు. ఈ గ్రంథమునకు 2009 లో పులిట్జరు బహుమానము లభించినది. 2014 లో దీనిని నాలుగు భాగముల దూరదర్శన నాటకముగ కూడ ప్రదర్శించిరి. ఈ కీర్తిని చూచి మేము గ్రంథమును చేత బట్టలేదు. బహుమానము పొందిన పుస్తకమనగా మాకు మొదటినుండియు కొంత సందేహమే. ఇందలి ముఖ్యపాత్ర యేడవ తరగతి పిల్లలకు గణితము చెప్పిచెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయురాలని వినుటచేత మాత్రమే చదువ నారంభించితిమి. చదివిన పిదప నిద్ర పట్టలేదు.

అమెరికాకు ఈశాన్యపు కొనను, అట్లాంటిక్ సముద్రపుటొడ్డున, మెయిన్ అను రాష్ట్రము గలదు. చలికాలము దీర్ఘము; జనులు మితభాషులని పేరు. ప్రజల వయస్సును బట్టి చూచిన ఆ దేశపు రాష్ట్రములలో నెల్ల వృద్ధరాష్ట్ర మదియే. స్ట్రౌట్ ఆ రాష్ట్రమున 1956 లో జన్మించినది. అచ్చట క్రాస్బీ అను చిన్న యూరిని తన యూహతో నిర్మించి, పదమూడు కథలను ఆ వీధులలో నడిపించినది. ఏ కథకు ఆ కథయే పూర్ణము. అయినను ఒక కథలో తలుపు సందున కనబడి పోయిన మనుష్యుడు మరియొక కథలో నడిమింట కూర్చుండి యుండును. ఇట్టి కూర్పు మనకు క్రొత్త గాదు. సోమదేవుని కథాసరిత్సాగరమున కథలోని వాడు కథ చెప్పుచుండగా వానిలోని వాడు మరియొక కథ నెత్తుకొనును. అచ్చట సూత్రము చెప్పు నోరు. సత్యం శంకరమంచి రచించిన అమరావతి కథలు నూరింటికిని సూత్రము ఆ యూరును, కృష్ణానదియును. క్రాస్బీ కథలకు సూత్రమొక స్త్రీ. ఆమె కొన్ని కథలను తానే నడుపును. కొన్నింట వీధిలో నడచిపోవుచు మాత్రమే కనబడును. చిన్న యూరిలో మనము ఒకరి నొకరము ఎరుగు విధమిదియే కదా. మన కథలో మనమే నాయకులము; పొరుగువాని కథలో కిటికీలోనుండి కనబడు తలకాయలము.

ఆలివ్ పెద్ద శరీరము గలది, పెద్ద గొంతు గలది. ఆమె భర్త హెన్రీ పొరుగూరిలో మందుల దుకాణము నడపినవాడు. మెత్తనివాడు, అందరి మేలును కోరువాడు. క్రిస్టఫర్ వారి యేకపుత్రుడు, పాదవ్యాధుల వైద్యుడు. మొదటి కథ హెన్రీది. అతని దుకాణమున డెనీజ్ అను చిన్నది పనికి చేరును. ఆమె మగడు వేటకు పోయి మిత్రుని తుపాకి పొరపాటున పేలుటచే మరణించును. హెన్రీ ఆ బాలవితంతువును తండ్రివలె ఆదరించును. తండ్రివలె మాత్రమే కాదని తనలో తాను ఎరుగును. ఎన్నడును నోరు దాటనీయడు. ఇంటివద్ద ఆలివ్ ఆ పిల్లను ఎలుకపిల్ల యని యెగతాళి చేయును. ఇంతకు ఆలివ్ హృదయమునందు ఆ దినములలోనే మరియొక ఉపాధ్యాయుని రూపమున్నది. అతడు బండి ప్రమాదమున మరణించినప్పుడు ఆమె విలపించును. దంపతులిద్దరును ఒకే కప్పు క్రింద, చెరియొక దుఃఖమును కొంగున ముడివేసికొని, ఒకరి ముడిని ఒకరు విప్పక కాలము గడిపిరి. ఇందు పాపమేమియు జరుగలేదు. నీతిగ్రంథములు వ్రాయువారికి ఇందు ఆక్షేపింపదగినది దొరకదు. అయినను ఈ మౌనము వారి సంసారమున ఎంతమేర తినివేసినదో చదువరికి కొలతవేసినట్లు తెలియును.

గ్రంథమంతటిలో మాకు మిక్కిలి నచ్చినది క్రిస్టఫర్ వివాహ దినమును వర్ణించు కథ. ముప్పది యెనిమిదవ యేట కుమారునకు పెండ్లి. తలిదండ్రులు అతనికొరకు తామే కట్టించిన యింట వేడుక. ఆలివ్ అలసి పడకగదిలో పరుండి, కిటికీ వెలుపల క్రొత్త కోడలు స్నేహితురాలితో పలికిన మాటలు వినును. అత్తగారి పూల ఉడుపును గూర్చి పరిహాసము. మగనికి బాల్యము కష్టముగా గడచినదన్న సూచన. ఆలివ్ లేచిపోయి పోట్లాడదు. కోడలి బట్టల యలమర తెరచి, ఒక ఉన్నిచొక్కా చేతిమీద నల్లసిరా గీత గీయును. జతలో ఒక జోడు మాత్రము తీసికొనును. మరియొక లోపలి వస్త్రమును చేతిసంచిలో దాచుకొనును. అంతియే. కోడలికి అప్పుడప్పుడు తనపై తనకే అనుమానము పుట్టవలెనని ఆమె కోరిక. చదివినప్పుడు నవ్వు వచ్చును. పిమ్మట, అరువదియేండ్లు దాటిన స్త్రీ ఒంటి జోడును దొంగిలించునంతటి దుఃఖమెట్టిదో తలపునకు వచ్చి ఆ నవ్వు గొంతున నిలిచిపోవును. ఆమె నిజముగా భయపడినది కోడలికి కాదు. బిడ్డకు బాల్యము కష్టముగా గడచినదన్న మాట నిజమేమో యని భయపడినది.

ఇచ్చటనే మాకు అలంకారశాస్త్రము జ్ఞప్తికి వచ్చినది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున, పైకి అనుమతివలె నుండి లోపల నిషేధమును సూచించు ఒక ప్రాకృత గాథను ఉదాహరించెను. మాట చెప్పున దొకటి, అది ధ్వనింపజేయున దింకొకటి. కావ్యమునకు ప్రాణమట్టి ధ్వనియే యని ఆయన సిద్ధాంతము. మన యిండ్లలో పెద్దల ప్రేమ పెక్కు తరములుగా ఈ ధ్వనిమార్గముననే నడచినది. తిట్టు వాచ్యము, ప్రేమ వ్యంగ్యము. తండ్రి బిడ్డను మెచ్చుకొన్న దిష్టి తగులునని భయము. పంతులు శిష్యుని మెచ్చుకొన్న వాడు చెడునని భయము. ఆలివ్ కూడ ఈ సంప్రదాయమునకు చెందినదే యని చదివిన కొలదియు మాకు తోచినది. కొడుకుపై ఆమెకు గల ప్రేమ హద్దు లేనిది. ఆ ప్రేమ నోటినుండి వెలువడునప్పుడు మాత్రము కసరుగా, హేళనగా, విసుగుగా వెలువడును. అయితే ధ్వనిని గ్రహించుటకు సహృదయుడు కావలెనని శాస్త్రకారుడే చెప్పెను. ఇంటనున్న పసిబిడ్డ సహృదయుడెట్లగును? వాడు అన్నమునకును, ఆశ్రయమునకును మననే నమ్ముకొన్నవాడు. వానికి వాచ్యార్థమొక్కటియే చేరును.

ఈ మాటను మేము పొంగిపోయి మా యింట చెప్పితిమి. గ్రంథమును మాకంటె ముందే ముగించిన మా యిల్లాలు విని, "ఆవిడ నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదని మీరంటారు. ఆ నోటితో కాపురం చేసినవాళ్లను అడగండి మనసు సంగతి" అన్నది. విమర్శకులకు ఈపాటి విమర్శ అప్పుడప్పుడు తగులుట మంచిదే.

పదునైదేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుడుండెను. చురుకైనవాడు, సోమరి. రామశబ్దము మూడుమార్లు తప్పుగా వ్రాసినప్పుడు, వానికి రోషము పుట్టవలెనను తలంపుతో, నీకు చదువెందుకు, పోయి మీ నాయన కొట్లో పొట్లాలు కట్టుకో యని తరగతి యెదుట అంటిమి. వాడు బాగుపడవలెననియే మా యుద్దేశము. వాడు దానిని గ్రహించుననియే మా నమ్మకము. మరుసటి సంవత్సరము వాడు బడికి రాలేదు. ఇంటి యిబ్బందులు కాబోలునని యనుకొని మరచితిమి. మొన్నటి యేడు బజారులో పప్పు కొనబోగా త్రాసు పట్టుకొని నిలుచున్నది వాడే. నమస్కరించి యోగక్షేమములు విచారించెను. ఏల చదువు మానితివని మేమడుగగా, "మీరే చెప్పారు గదండీ మాస్టారూ" అనెను. ఆ మాటలో కోపము లేదు, దెప్పిపొడుపు లేదు. పప్పునకు డబ్బులు పుచ్చుకొనడయ్యెను. మేము బలవంతముగా బల్లపై నుంచి వచ్చితిమి. ఈ గ్రంథమును మేము చదివినది ఆ పిదప. కావున మా తీర్పునకు విలువ కట్టువారు ఈ సంగతిని కూడ లెక్కలో వేసికొందురు గాక.

అయితే స్ట్రౌట్ అంతతో విడిచినచో గ్రంథము నీతిపాఠమై పోయెడిది. రెండవ కథను చూడుడు. కెవిన్ అను యువకుడు న్యూయార్కునుండి క్రాస్బీకి వచ్చి సముద్రతీరమున బండిలో కూర్చుండి యున్నాడు. చిన్ననాట వాని తల్లి ఆ యూరిలోనే ప్రాణము తీసికొన్నది. తాను కూడ అచ్చటనే అట్లు చేయవలెనని వచ్చినాడు. ఒకప్పటి పంతులమ్మ ఆలివ్ అడుగకయే తలుపు తెరచి వాని ప్రక్కన కూర్చుండును. ఓదార్పు మాట లాడదు. తన తండ్రియు అట్లే పోయెనని మామూలు సంగతివలె చెప్పును. వానికి చికాకు, ఆమె దిగిపోవలెనని యొకవైపు, పోగూడదని యొకవైపు. ఇంతలో వానికి చిన్ననాటి పరిచితురాలగు స్త్రీ రాళ్లపైనుండి జారి పోటునీటిలో పడును. ఆలివ్ కేకకు కెవిన్ దుమికి ఆమెను పట్టుకొనును. చావవలెనని వచ్చినవాడు, బ్రతుకవలెనని తన్ను చుట్టుకొన్న చేతుల బలమును ఎరుగును. వారు ఒడ్డు చేరిరో లేదో కూడ రచయిత్రి తిన్నగా చెప్పదు.

మరియొక కథలో, తిండి మాని కృశించిపోవుచున్న నీనా యను పిల్ల యెదుట ఆలివ్ వెక్కివెక్కి యేడ్చును. ఊరందరు ఆమెను బండరాయి యనుకొనుచుండగా ఆ పిల్ల యెదుట బండరాయి కరగినది. నీనా దక్కదు, ఆ కన్నీరు ఎవరిని బ్రతికింపలేదు. మరి రెండు కథలలో, ఎక్కడెక్కడనో చితికిపోయిన శిష్యురాండ్రకు ఈమె ఒకప్పుడు పలికిన పలుకులు కష్టకాలమున తలపునకు వచ్చి ధైర్యము నిచ్చును. పరాయిబిడ్డల కందిన దయ సొంత బిడ్డకు అందకపోవుట యెట్లు? రచయిత్రి సమాధానము చెప్పదు. మాకు తోచినది చెప్పెదము. పరాయివారినుండి ఆమె కోరున దేమియు లేదు. కొడుకునుండి సమస్తమును కోరుచున్నది. కోరిక యున్నచోట భయము, భయమున్నచోట కసరు.

పిమ్మట మృత్యువు ఇంటికి వచ్చును. ఆసుపత్రిలో దొంగలు పడి ఆలివ్, హెన్రీలను కట్టి పడవేసిన రాత్రి, ప్రాణభయములో దంపతులు ఒకరినొకరు అనరాని మాటలనుకొందురు. ఇన్నేండ్ల కాపురములో నీవొక్కమారును తప్పు ఒప్పుకొనలేదని ఆ మెత్తనివాడు అనును. తుపాకులు తొలగిపోవును, మాటలు మిగిలిపోవును. కొంతకాలమునకు అంగడి యెదుట బండి దిగుచు హెన్రీ పక్షవాతముతో కూలును. చూపు పోయినది, మాట పోయినది. ముఖమున చిరునవ్వు మాత్రము మిగిలినది. ఆలివ్ ప్రతిదినము శుశ్రూషాలయమునకు పోయి చక్రముల కుర్చీ ప్రక్కన కూర్చుండి ఊరి సంగతులన్నియు చెప్పును. నలువది యేండ్లకు పైగా వినువాడుండగా చెప్పని మాటలు ఇప్పుడు చెప్పుచున్నది. అతనికి వినబడునో లేదో తెలియదు. మన కావ్యములలో కరుణరసమునకు విలాపము అంగము. భవభూతి రాముడు మూర్ఛపోవును, రాళ్లు కరగునట్లు ఏడ్చును. ఇచ్చట విలాపము లేదు. తోటలో తులిపు దుంపలు పాతుటయా మానుటయా యని ఆలోచించు ముసలిది యున్నది. రెండును కరుణమే. చిన్ననాటినుండి మొదటిదానికి అలవాటుపడిన మాకు రెండవదాని బలము తెలియుటకు కొంత వ్యవధి పట్టినది.

ఆ కథలోనే ఆమె తనకంటె ఎక్కువ దుఃఖములో నున్న ఒక తల్లిని చూడబోవును. ఆ తల్లి కొడుకు హత్య చేసి చెరసాలలో నున్నాడు. పరుల దుఃఖము చూచిన తన దుఃఖము తగ్గునేమో యని ఆలివ్ ఆశ. ఆ తల్లి ఆ సంగతిని పసికట్టును. పరామర్శకు పోవుటలో ఇట్టి రహస్యమైన ఆశ మనలో నెందరికి ఉండదో మాకు తెలియదు.

తెలుగువారిలో బిడ్డలను అమెరికాకు పంపిన యిండ్లు నేడు ప్రతి వీధిలో గలవు. వారందరును చదువవలసినది పదునొకండవ కథ. క్రిస్టఫర్ మొదటి వివాహము చెడి, న్యూయార్కులో ఆన్ అను స్త్రీని పెండ్లాడి, ఆమె గర్భవతి యగుటచే తల్లిని సాయమునకు రమ్మనును. ఆలివ్ ఉబ్బిపోయి వెళ్లును. ఒకనాడు అందరును కలిసి వెలుపల తీపి తిని వచ్చిన పిమ్మట, తన రవికపై మరక యున్నట్లు అద్దములో చూచుకొనును. దారిపొడవున కొడుకును కోడలును చూచియుందురు; ఒక్కరును చెప్పలేదు. తాను పూర్వము ఒక ముసలి బంధువురాలిని గూర్చి చేసినది అదియే యని ఆమెకు స్ఫురించును. ఆ క్షణమున తాను ముసలిదైనట్లు తెలిసికొని, ఉదయముననే పోయెదనని పెట్టె సర్దుకొనును. కొడుకు బ్రతిమాలడు, అరవడు. నీ కోపములకు మేము భయపడుచు బ్రతికితిమని నెమ్మదిగా చెప్పును. ఆ నెమ్మది ఆమెను కోసివేయును. ఇందు తప్పెవరిదని మా యింట రెండు దినములు వాదము జరిగినది. మరక చూచినప్పుడు చెప్పకపోవుట కొడుకు తప్పని మేమంటిమి. చెప్పిన ఊరకుండునా యని మా యిల్లాలు.

దోషములు లేకపోలేదు. దొంగల కథ తక్కిన గ్రంథమునకు పొసగలేదు. సంసారములో దాగిన విషము బయటపడుటకు తుపాకులు తెప్పించనక్కరలేదని రచయిత్రియే తక్కిన కథలలో నిరూపించినది. శిష్యురాండ్ర కథలు రెండును ఆలివ్ పేరుతో దారము గట్టి తగిలించినట్లున్నవి. వానిని తీసివేసినను హారము తెగదు. ఊరిలో ఇన్ని ఆత్మహత్యలు, ఇన్ని రహస్య ప్రణయములు నిజముగా నుండునా యని మా మిత్రులొకరు ఆక్షేపించిరి. ఆయన పట్టణవాసి. చిన్న యూరిలో పుట్టినవారు ఆ ప్రశ్న వేయరు.

కడపటి కథలో హెన్రీ గతించినాడు. ఆలివ్ డెబ్బది దాటినది. వేకువను నదియొడ్డున నడచుచు, దారిలో కూలబడి యున్న జాక్ కెనిసన్ అను వృద్ధుని చూచును. భార్య పోయిన విద్యాధికుడు, డాంబికుడు, ఆలివ్‌కు గిట్టని రాజకీయ పక్షమువాడు, కన్నకూతురితో మాటలు లేనివాడు. ఆ యిరువురును తగవులాడుకొనుచునే ఒకరికొకరు తోడగుదురు. ముడుతలు పడిన శరీరమును ఇంకొకరి ప్రక్కన చేర్చుటకు ఆమె పడు సిగ్గును, ఆ సిగ్గును దాటుటను రచయిత్రి ఎట్టి నాజూకును లేక, ఎట్టి అసభ్యతయు లేక వ్రాసినది. 2019 లో వెలువడిన రెండవ సంపుటమున వారు వివాహమాడుదురు.

మన సంస్కర్తలకు ఈ కథ ఒక ప్రశ్న వేయుచున్నది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, వారి కన్నుల యెదుట నున్నది బాలిక. అప్పటి ఘోరము అట్టిది. ఆ వాదమంతయు యౌవనము వ్యర్థమగుచున్నదను న్యాయముపై నడచినది. మరి యౌవనము గడచినవారి మాట యేమి? అరువదియేండ్ల విధవ తోడు కోరిన నేటికిని సంస్కారులమనుకొను మన యిండ్లలోనే ముందు నవ్వు వినబడును, పిమ్మట ఆస్తి లెక్క వినబడును. మనుమలున్నారు గదా యందురు. మనుమలు వేరొక ఖండమున నుందురు. మేమును ఇట్లు నవ్వినవారమే. ఎవరిని చూచి నవ్వితిమో చెప్పుట మర్యాద గాదు. ఆలివ్ ఆ వృద్ధుని ఇంటికి పోయినప్పుడు మేము నవ్వలేదు. తలుపు తీయునా తీయడా యని పుట త్రిప్పుటకు భయపడితిమి.

గ్రంథమిప్పుడు మా యొద్ద లేదు. మా వీధి చివర ఒంటరిగా నుండు విశ్రాంత ఉపాధ్యాయులొకరు, భార్య పోయి మూడేండ్లయినవారు, రెండు దినములలో నిచ్చెదనని పట్టుకొనిపోయి రెండు నెలలైనది. మొన్న సాయంకాలము అరుగుమీద కూర్చుండి దానినే చదువుచుండగా చూచి, అడుగవలెనని వెళ్లి, వర్షములను గూర్చి మాటలాడి తిరిగి వచ్చితిమి.